పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో పడున్న సీసాన్ని ఏం చేయాలి?

ఇన్వర్టర్ బ్యాటరీల మీద జవాబులు వేశాక సీసం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. బ్యాటరీల సంగతి కొందరిదైతే వలలు, కళాయి, అచ్చు అక్షరాల సంగతి ఇంకొందరిది. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న (హనుమకొండ): మా నాయిన నడిపిన ప్రెస్సు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. సీసం టైపు నాలుగు చెక్క కేసుల్లో అలాగే ఉంది, 40 కిలోల దాకా ఉంటుంది. అక్షరాల మీద తెల్లగా పిండిలా పట్టింది. కరిగించి దిమ్మెలు పోసి అమ్మితే ధర ఎక్కువ వస్తుందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కరిగించకండి. ధర పెరగకపోగా తగ్గుతుంది. అచ్చు అక్షరాల్లో ఉన్నది వట్టి సీసం కాదు, యాంటిమనీ, తగరం కలిపిన మిశ్రలోహం. అంచులు పదునుగా రావడానికి, మిషను ఒత్తిడికి అరగకుండా ఉండటానికి వాటిని కలుపుతారు. అనుమానముంటే చేపల వలకు కట్టే సీసం గుండు మీద ఒకసారి, అక్షరం పక్క మీద ఒకసారి గోటితో గీసి చూడండి. గుండు మీద గీత పడుతుంది, అక్షరం మీద పడదు. (తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.) అక్షరాల రూపంలో ఉన్నంతసేపూ కొనేవాడికి అది టైపు మెటల్ అని చూడగానే తెలుస్తుంది. దిమ్మె పోశాక లోపల ఏం కలిసిందో తెలియదు కాబట్టి మామూలు సీసం ధరే కడతాడు.

ఆ తెల్ల పిండి సీసం కార్బొనేట్. చెక్కలోంచి ఏళ్ల తరబడి వెలువడే ఆమ్లపు ఆవిరి, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసాన్ని అలా తినేస్తాయి. మీ దగ్గరున్న మొత్తం సరుకులో ప్రమాదకరమైనది అదే. సీసం ముద్ద దానంతట అది ఎవరినీ ఏమీ చేయదు. పొడి అలా కాదు. గాలిలో లేస్తే ఊపిరితో లోపలికి పోతుంది, గోళ్ల సందుల్లో చేరితే అన్నం ముద్దతో పోతుంది. కాబట్టి నోటితో ఊదొద్దు, బ్రష్‌తో దులపొద్దు, చీపురు అసలే వద్దు.

పిల్లలు లేని వేళ చూసి కేసులను ఆరుబయట నీడకు తెచ్చి, కింద పాత ఫ్లెక్సీ పరవండి. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. పలుచటి సర్జికల్ మాస్కు ఈ పొడిని ఆపదు. స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా కొట్టి పొడి తడిసి అణిగాక అక్షరాలను గుప్పెడు గుప్పెడుగా తీసి తడిగుడ్డతో అద్ది, మూతలున్న నాలుగు లీటర్ల పెయింటు డబ్బాల్లో వేయండి. డబ్బాకు 7, 8 కిలోలు మించొద్దు. పెద్ద బకెట్టు నింపితే పైకి ఎత్తేటప్పుడు హ్యాండిలు ఊడి వస్తుంది, ఆ తర్వాత అక్షరాలన్నీ మట్టిలో ఏరుకోవాలి. కుళాయి కింద పెట్టి కడగొద్దు, ఆ నీళ్లు మోరీలోకి పోతాయి. వాడిన గుడ్డలు, ఫ్లెక్సీ రెండు కవర్లలో మూటకట్టి అక్షరాలతోపాటే ఇవ్వండి.

ఖాళీ కేసుల మాట కూడా చెప్పాలి. వాటిని గోడకు తగిలించి చిన్న బొమ్మలు పేర్చుకోవడం ఇప్పుడొక ముచ్చట అయింది. కేసులోని చిన్న అరల మూలల్లో పొడి ఇరుక్కుని ఉంటుంది. రెండు మూడుసార్లు తడిగుడ్డతో తుడిచి, ఆరాక వార్నిష్ రెండు పూతలు వేయకుండా ఇంట్లోకి తేవొద్దు. పోపుల పెట్టెగా మాత్రం ఎన్నడూ వాడొద్దు.

అమ్మే ముందు ఇంకొకటి. తెలుగు టైపు ఇప్పుడు దొరకడం కష్టం. ఒత్తులు, గుణింతాలు చెదరకుండా ఉన్న సెట్టు అయితే అక్షరాల డిజైన్ చేసేవాళ్లను, చేతి ముద్రణ నేర్పే ఫైన్ ఆర్ట్స్ కాలేజీలను ముందు అడిగి చూడండి. వాళ్లిచ్చే ధర తూకం ధరతో పోల్చేది కాదు. ఎవరూ తీసుకోకపోతే అప్పుడు రాగి, ఇత్తడి, సీసం విడివిడిగా కొనే స్క్రాప్ షాపుకు 'టైపు మెటల్' అని చెప్పి ఇవ్వండి. వీధిలో 'పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డ' అని తిరిగే బండికి వేశారో, అది ఇనుము కింద కలిసిపోతుంది. మీకూ నష్టం, దాన్ని విడదీసేవాడికీ ప్రమాదం.

ప్రశ్న (పరకాల): 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ చచ్చిపోయింది. స్క్రాప్ అతను యాసిడ్ పారబోసి తెస్తేనే కొంటానంటున్నాడు. కొత్త బ్యాటరీ షాపతను అలాగే తెమ్మంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: షాపతని మాట. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాడైన బ్యాటరీని మిగతా చెత్తలో కలపకుండా, బ్యాటరీలు సేకరించే లేదా రీసైకిల్ చేసేవాళ్లకే అప్పగించడం వాడుకరి బాధ్యత. అమ్మిన బ్యాటరీలకు లెక్కగా పాతవి తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు చేర్చాల్సింది తయారీ కంపెనీ. కొత్తది కొంటూ పాతది ఇస్తే ఎంత తగ్గించారో బిల్లులో విడిగా రాయించుకోండి.

స్క్రాప్ అతను యాసిడ్ ఎందుకు పారబోయమంటాడో లెక్క చూడండి. మీ బ్యాటరీ నిండుగా 50 నుంచి 60 కిలోలు తూగుతుంది. అందులో 15 లీటర్ల యాసిడ్ ఉందనుకుంటే దాని బరువే 18 కిలోల పైన. అతనికి కావాల్సింది సీసం, యాసిడ్ బరువుకు డబ్బు కట్టడం ఇష్టం ఉండదు. అది న్యాయమే, కానీ దానికి మందు పారబోయడం కాదు. 'యాసిడ్‌తో కిలో ఎంత, యాసిడ్ తీసేసి కిలో ఎంత' అని రెండు రేట్లు అడిగి, తడి రేటుకే ఇవ్వండి. అలా కొననివాడి దగ్గర యాసిడ్ దించే ఏర్పాటు లేదని అర్థం. మీరు పోయకపోతే అతను పోస్తాడు, అదీ వెనకున్న కాలువలోనే.

ఆ యాసిడ్‌లో గంధకామ్లంతోపాటు పలకల నుంచి రాలిన సీసం మడ్డి ఉంటుంది. మన దగ్గర చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోతుంది. మోరీలో పోసింది మీ వీధితో ఆగదు. యాసిడ్ నీళ్లలో కలిసి పలచబడుతుంది గాని సీసం పూడికలో దిగి అక్కడే ఉంటుంది, ఆ పూడిక మట్టినే ఎండాకాలం ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటాం.

విప్పేటప్పుడు ముందు ఇన్వర్టర్ ఆపి, మెయిన్ ప్లగ్గు తీసి, తర్వాత నెగటివ్ తీగ, ఆఖరున పాజిటివ్ తీగ విప్పాలి. టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేకపోతే ఆటోలో ఇనుప రాడ్డు తగిలి నిప్పులు లేస్తాయి. నిలువుగానే ఉంచి తాడుతో కట్టి తీసుకెళ్లండి. డబ్బా పగిలి కారుతుంటే ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి, రేకు తట్టలో కాదు.

నేల మీద యాసిడ్ ఒలికితే తినే సోడా చల్లండి. లీటరు బ్యాటరీ యాసిడ్‌ను పూర్తిగా చంపడానికి సుమారు 700 గ్రాముల సోడా పడుతుంది, టీ గ్లాసుడు (150 మి.లీ.) ఒలికితే 100 గ్రాములు దాటుతుంది. చెంచాడు చల్లి వదిలేయడం వల్లే తర్వాత బండలు పొక్కుతాయి. నురగ రావడం ఆగిపోయేదాకా చల్లి, రంపపు పొట్టుతో ఎత్తి, కవర్లో కట్టి బ్యాటరీతోపాటు ఇవ్వండి. ఒంటి మీద పడితే సోడా జోలికి పోవద్దు. పారే నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. కంట్లో పడితే అలాగే కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న (ములుగు): విసురు వలకు 4 కిలోల సీసం గుండ్లు పడతాయి. పాత బ్యాటరీ పలకలు తక్కువకు దొరుకుతాయి, ఇంటి పొయ్యి మీద కరిగించి పోసుకోవచ్చా? కట్టెల మీద సీసం తొందరగానే కరుగుతుంది కదా.

జవాబు: తొందరగా కరగడమే దాని మోసం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కట్టెల పొయ్యిలో నిప్పుల వేడి దానికి రెట్టింపు ఉంటుంది. 500 డిగ్రీలు దాటాక సీసం ఆవిరి గణనీయంగా లేస్తుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనబడదు. పైన తేలే మడ్డిని గరిటెతో తీసి పక్కన కొడితే, ఆరాక అది సన్నటి పొడై వాకిట్లో కోళ్లూ పిల్లలూ తిరిగే చోట పడి ఉంటుంది.

బ్యాటరీ పలకలైతే ఇంకా చెడ్డ. పలకల మీద పూసి ఉన్నది లోహం కాదు, సీసం ఆక్సైడూ సల్ఫేటూ. అది కట్టెల మంటకు సరిగా కరగదు, పొగా దుమ్మూ అవుతుంది. పలకల చట్రంలో యాంటిమనీ, కొన్నిసార్లు ఆర్సెనిక్ ఉంటాయి. అయిదు కిలోల పలకలకు మీ చేతికి వచ్చే గుండ్లు సగం కూడా ఉండవు. మిగిలినదంతా మీ వాకిట్లో మిగిలే విషమే.

పోసేటప్పుడు వచ్చే ప్రమాదం వేరే. తడి గుండు, తడి మట్టి అచ్చు, వానకు నానిన వల ముక్క, ఏదో ఒకటి కరిగిన సీసంలో పడితే నీటి చుక్క క్షణంలో ఆవిరై దాదాపు 1600 రెట్లు ఉబ్బుతుంది. గిన్నెలోని సీసం అంతా మొహం మీదకు చిమ్ముతుంది.

కరిగించకుండానే పని జరుగుతుంది. పాత వల గుండ్లు పనికిరాకుండా పోయేది అరుదు. తాడు కుళ్లుతుంది గాని గుండు కాదు. ప్లయర్‌తో నోరు విప్పి తీసి, కొత్త తాడు మీద వేసి మళ్లీ నొక్కండి. తక్కువ పడితే సీసం రేకు కొని కత్తెరతో పట్టీలుగా కోసి తాడు చుట్టూ మడిచి సుత్తితో కొడితే సరిపోతుంది, సీసం చల్లగా ఉన్నప్పుడే అంత మెత్తన. గుండును పళ్లతో కొరికి బిగించే అలవాటు చాలామందికి ఉంది, అది మానుకోవాలి. చేతులు కడగకుండా బీడీ ముట్టుకోవడం కూడా.

సీసం బదులు ఇనుప గొలుసు కట్టుకోవాలంటే లెక్క ఇది. నీళ్లలో 4 కిలోల సీసం 3.65 కిలోల బరువులా పనిచేస్తుంది. అంత బరువు రావడానికి ఇనుము 4.2 కిలోలు చాలు. తేడా 200 గ్రాములే, కానీ లావు పెరుగుతుంది కాబట్టి విసిరినప్పుడు వల కొంచెం నెమ్మదిగా విచ్చుకుంటుంది. తుప్పు గరుకుకు నైలాన్ తెగుతుంది గనుక జింకు పూత గొలుసే తీసుకోండి, చెరువు నుంచి వచ్చాక ఎండలో ఆరబెట్టండి. మట్టి గుండ్లయితే అదే బరువుకు ఏడు కిలోల పైన కట్టాలి. విసురు వలకు అది పనికిరాదు.

ప్రశ్న (జనగామ): ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించాం. వారానికే నల్లబడింది. తగరంలో సీసం కలిపారని పక్కింటి అత్తమ్మ అంటోంది. ఎలా తెలుస్తుంది?

జవాబు: అత్తమ్మ అనుమానం తీసేయదగ్గది కాదు. తగరం ధర సీసం ధరకు పది రెట్ల పైన ఉంటుంది, కల్తీకి అదే కారణం. అయితే గిన్నె నల్లబడటం ఒక్కటే రుజువు కాదు. గిన్నెను సరిగా తోమకుండా, కళాయి పట్టడానికి చల్లే నవాసాగరం చాలకుండా వేసినా, కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టినా నల్లబడుతుంది.

వేసే ముందే చూసుకోవాలి. కళాయి అతని దగ్గరున్న తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచమనండి. మంచి తగరం వంగుతూ చిటపటలాడుతుంది, ఎండుపుల్ల విరిగే ముందు చేసే చప్పుడులా. సీసం కడ్డీ మౌనంగా వంగుతుంది. సీసం ఎక్కువ కలిసిన కడ్డీలో ఆ చిటపట పోతుంది. తర్వాత కడ్డీ కొసతో తెల్ల కాగితం మీద గీయండి. సీసం పెన్సిల్‌లా బూడిదరంగు గీత వదులుతుంది. అంతకంటే నమ్మకమైన దారి, తగరం మీరే బిల్లుతో కొని అతనికివ్వడం. ఇంటి గిన్నెలకు మొత్తం మీద పట్టేది కొద్ది గ్రాములే కాబట్టి భారం కాదు.

ఇప్పుడు వేసి ఉన్న గిన్నెల్లో పులుసు, చారు, పెరుగు, మామిడికాయ వేటినీ వండొద్దు, నిల్వ చేయొద్దు. పులుపే సీసాన్ని తేలిగ్గా లాగేస్తుంది. ఉప్పుకాగితంతో మీరే గీకి తీసేద్దామనుకోకండి, ఆ గీకుడు పొడి పళ్లెంలోకే వస్తుంది. మంచి తగరంతో వేసే మనిషికిచ్చి పాత పూత దించి వేయించాలి.

ప్రశ్న (హుజూరాబాద్): మొబైల్ రిపేర్ షాపు. టంకం మడ్డి నెలకు పావు కిలో దాకా పోగవుతుంది. పొగ పీలిస్తే సీసం ఎక్కుతుందా?

జవాబు: పొగలో సీసం దాదాపు ఉండదు. 350 డిగ్రీల దగ్గర పెట్టిన టంకం ఐరన్ సీసాన్ని ఆవిరి చేయదు. ఆ పొగ ఫ్లక్స్‌ది, అంటే టంకం బాగా పట్టడానికి వాడే పదార్థానిది. అది దగ్గు, ఆయాసం తెస్తుంది కాబట్టి చిన్న ఫ్యానుతో మొహానికి దూరంగా లాగేయండి. సీసం ఎక్కేది వేళ్ల ద్వారా. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం ఉన్న తీగను రోజంతా పట్టుకుని, అదే చేత్తో మిర్చిబజ్జీ తింటే చాలు. బల్ల మీద టీ గ్లాసు పెట్టకపోవడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

మడ్డిని మూతున్న రేకు డబ్బాలో పోగేయండి. అందులో తగరం ఎక్కువ, మంచి ధరే వస్తుంది. పాడైన బోర్డులను దాంతో కలపొద్దు, అవి ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత సంస్థకే పోవాలి. ఐసీలు తీయడానికి బోర్డును మంట మీద కాల్చడం కొన్ని చోట్ల చూస్తున్నాం. షాపు మూసుకోవాల్సినంత తప్పది.

ప్రశ్న (కాజీపేట): మా ఆయన బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపులో పని చేస్తారు. పాపకు మూడేళ్లు, తిండి సరిగా తినదు, కడుపునొప్పి అంటుంది. సీసం పరీక్ష ఉంటుందా? షాపును ఎవరికి చెప్పాలి?

జవాబు: పాపకు పరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు. పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంటికి పడితే, చిన్నపిల్లలకు సగం దాకా పడుతుంది. పిల్లల డాక్టరుకు ఆయన పని ఏమిటో ముందే చెప్పి 'బ్లడ్ లెడ్' పరీక్ష రాయమనండి. పెద్ద ల్యాబుల కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి పంపుతాయి. వేలి కొసన గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి లెక్క ఎక్కువ చూపవచ్చు, నరం నుంచే తీయించండి. ఫలితం డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో వస్తుంది. 5 లేదా ఆ పైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 45 దాటితే ఆసుపత్రిలో మందులతో తీయాల్సి వస్తుంది. సీసం రాకడ ఆగితే రక్తంలో నెల రోజులకు సుమారు సగం తగ్గుతుంది, కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్షిస్తే ఆపిన దారి సరైనదో కాదో తెలిసిపోతుంది. నాటు మందులు వాడేముందు అడగండి, నాగభస్మం చేసేదే సీసంతో.

ఆయన చేయాల్సింది: షాపులోనే బట్టలు, చెప్పులు మార్చి, చేతులూ మొహమూ తలా కడుక్కుని రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, దులపకుండా నీళ్లలో ముంచాలి. ఇల్లు ఊడవడం మాని రెండు పూటలా తడిగుడ్డ పెట్టండి. పాపకు ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ పడుతుంది. పాలు, రాగిజావ, గుడ్డు, ఆకుకూర పెట్టండి. ఇవి లోపలున్న సీసాన్ని తీసేయవు, కొత్తది పట్టడాన్ని తగ్గిస్తాయి. షాపులో యాసిడ్ మోరీకి పోస్తున్నా, ఆరుబయట పలకలు కరిగిస్తున్నా వరంగల్‌లోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు మీద తేదీ వేయించుకోండి. ఆయన రక్తం కూడా అదే రోజు ఇప్పించండి.